ముందు షాఫ్టు

జగ్గారావు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు ఆ మనిషి చేతిలో ఏదో ఒక పని పెట్టేవారు. జవాబు ఆ పని అయ్యాక వచ్చేది. ఒక్కోసారి వచ్చేదే కాదు. కొండవాళ్ళ భూముల కోసం పోరాడి, జైళ్ళలో సగం పళ్ళు పోగొట్టుకుని వచ్చిన మనిషి ఆయన. ఉపన్యాసమంటే ఒళ్ళుమంట. "మాటలతో కొండెక్కినవాణ్ణి నేనింకా చూళ్ళేదు" అనేవారు.

ఆయన దగ్గర చదువూ ధైర్యమూ నేర్చుకున్న బిడ్డిక తమ్మయ్య ఒక సాయంత్రం మాస్టారి పాత జీపు చక్రానికి గాలి కొడుతూ అడిగాడు.

"మాస్టారూ, అవతలివాడు మర్యాదగా మాటాడుతున్నప్పుడు మనం కొంచెం మెత్తబడితే లొంగిపోయినట్టేనా?"

మాస్టారు తలెత్తకుండానే అన్నారు. "టీ ఎవరు తాగించారేటి?"

తమ్మయ్యకి చెవులు వేడెక్కాయి. క్వారీ మేనేజరు ఆ మధ్యాహ్నమే పిలిచాడు, కుర్చీ వేశాడు, టీ ఇప్పించాడు, "తమ్మయ్యగారూ" అన్నాడు. ఒరే, ఏరా, ఇలా రారా తప్ప వేరే పిలుపు ఎరగని చెవులకి ఆ 'గారు' తేనెలా తగిలింది. రేపటి పట్టు వదిలేస్తే మీ ఊరికి అవతలి వైపు నుంచి మేమే దారి వేయిస్తామన్నాడు. ఎప్పుడని తమ్మయ్య అడగలేదు, అతను చెప్పలేదు. లొంగదీయాలనుకున్నవాడు మొదట తిట్టడు. కుర్చీ వేస్తాడు.

"రేపు బండి నువ్వే నడుపు" అని మాస్టారు లోపలికి వెళ్ళిపోయారు.

రేపటి సంగతి ఇదీ. తమ్మయ్య ఊరు నేరెడువలస కొండమీద ఉంది. కింద తారురోడ్డు నుంచి ఊళ్ళోకి ఒకటే దారి. ఆ దారితో సహా కొండను తవ్వుకుపోవడానికి క్వారీ వచ్చింది. అది బండి తిరిగే దారైతే ముట్టుకోవడానికి వీల్లేదని, వట్టి కాలిబాటైతే తాను ఆపలేనని రేపు విచారణకొచ్చే అధికారి ముందే చెప్పాడు. "బండా? ఆ కొండకి మేకే ఆయాసపడుతుంది" అని క్వారీవాళ్ళు నవ్వారు. ఒకప్పుడు మాస్టారి జీపు ఎక్కేది. నెలలు నిండిన ఆడవాళ్ళనీ, జ్వరంతో కాలిపోయే పిల్లల్నీ అదే దింపేది. అది మూలపడ్డాక మళ్ళీ డోలీలే గతయ్యాయి. ఎక్కేదని నోటితో చెబితే ఎవడు నమ్ముతాడు? ఎక్కించి చూపాలి.

అందుకే వానాకాలమంతా మాస్టారి పెరటి పాకలో గురుశిష్యులిద్దరూ ఆ జీపుని విప్పి మళ్ళీ కట్టారు. కాళ్ళ కింద రేకు తుప్పు పట్టి అప్పడంలా విరిగిపోతే కొత్త రేకు అతికించారు. ఎలకలు కొరికిన వైర్లు మార్చారు. కుదుపు కాసే కమానుకట్టలు దింపి, ఒక్కో పట్టీ రుద్ది, గ్రీజు రాసి ఎక్కించారు. ఇంజను మొదటిసారి దగ్గి, నల్లటి పొగ కక్కి అందుకున్నప్పుడు తమ్మయ్య కొత్తగా నాన్న అయినవాడిలా చుట్టూ చూశాడు.

ఆ జీపుకి ఒక గుణం ఉంది. మామూలు రోడ్డు మీద వెనక చక్రాలే లాగుతాయి. ఎత్తు ఎక్కాల్సి వచ్చినప్పుడు సీటు పక్కనున్న చిన్న లీవరు లాగితే, ముందు షాఫ్టు అనే ఇనప కడ్డీ గుండా ఇంజను బలం ముందు చక్రాలకి కూడా అందుతుంది. అయితే లీవరు వేసినా వేయకపోయినా ఆ షాఫ్టు బండి కింద తిరుగుతూనే ఉంటుంది. రొదపెడుతుంది. పట్నంలో మెకానిక్కులు తమ్మయ్యకి సలహా ఇచ్చారు. "అందరూ అది విప్పేస్తారు. బండి నున్నగా పోతాది. కావాలంటే మళ్ళీ బిగించుకోవచ్చు." తమ్మయ్య విప్పేశాడు. బండి నిజంగానే నున్నగా పోయింది. ఎంత నున్నగా పోయిందంటే, షాఫ్టు పాకలో ఓ మూలన పడి ఉందన్న సంగతే అతని మనసులోంచి జారిపోయింది.

మర్నాడు పొద్దున్న కొండ మొదట్లో అందరూ పోగయ్యారు. అధికారి తన కారు తారురోడ్డు పక్కన ఆపుకుని గొడుగు కింద నిలబడ్డాడు. పక్కనే మేనేజరు. "కానివ్వండి తమ్మయ్యగారూ" అన్నాడు. మాస్టారు జీపులో పక్క సీటులో కూర్చున్నారు.

మొదటి మలుపు దాకా బాగానే పోయింది. ఆ పైన ఎర్రమట్టి, దాని మీద రాత్రి కురిసిన జల్లు. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి, బురద చిమ్మి, బండి పక్కకి జారింది. తమ్మయ్య లీవరు లాగాడు. ఏమీ కాలేదు. మళ్ళీ లాగాడు. అప్పుడు గుర్తొచ్చింది.

"మాస్టారూ... ముందు షాఫ్టు లేదు."

"ఎక్కడుంది?"

"పాకలో. నేనే విప్పాను."

మాస్టారు అతన్ని ఒక్క చూపు చూశారు. తిట్టినా బావుండుననిపించింది తమ్మయ్యకి.

వెనకాల నడిచి వచ్చిన మేనేజరు అధికారితో నవ్వుతూ అన్నాడు. "చూశారుగా సార్. దీన్నే వీళ్ళు దారంటారు." అధికారి గొడుగు మడిచి కిందకి నడిచాడు. తీరా చూస్తే కారు ముందు నేరెడువలస ఆడవాళ్ళు వరసగా బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. ముందు వరసలో తమ్మయ్య మేనత్త సుందరమ్మ.

"తప్పుకోమ్మా, నాకు వేరే పనులున్నాయి."

"కూకో బాబూ, బండి ఎక్కుతాది. మా కోడలు డోలీలో నొప్పులు పడతా ఉంటే ఈ రోడ్డు మీదే బండి కోసం కూకున్నాం. మాకు పన్లేక కూకున్నామా?" అని, కొండవైపు తిరిగి అరిచింది. "ఒరే తమ్మా! విప్పిన చేతుల్తోనే బిగించరా! సిగ్గు తర్వాత పడుదువు గాని!"

అధికారి ఏమనుకున్నాడో, కారు తలుపు తీసుకుని కూర్చున్నాడు గాని డ్రైవరుని పోనిమ్మని చెప్పలేదు.

ఊరివాళ్ళిద్దరు కొండ కిందున్న మాస్టారింటికి పరుగెత్తి, షాఫ్టుని కావిడిబద్దకి కట్టి మోసుకొచ్చారు. చక్రాల వెనక రాళ్ళు పేర్చారు. తమ్మయ్య బురదలో వెల్లకిలా జీపు కిందకి దూరాడు. కళ్ళలో మట్టి రాలింది. బోల్టు చేతిలోంచి జారితే బురదలో వేళ్ళతో తడిమి తీశాడు, చొక్కాతో తుడిచి మళ్ళీ పెట్టాడు. మేనేజరు వంగి, కిందకి చూస్తూ మెల్లగా అన్నాడు. "ఎందుకండీ ఈ అవస్థ తమ్మయ్యగారూ? నిన్న మనం మర్యాదగా అనుకున్నాం కదా."

తమ్మయ్య పానా ఆపలేదు. "గారు తీసేయండి, పర్లేదు. ముందు మీరు తప్పుకోండి. చక్రం తిరిగితే మీ తెల్లచొక్కా పాడవుద్ది."

ఈసారి లీవరు లాగితే కింద ఎక్కడో గట్టిగా పంటితో పట్టినట్టు శబ్దం వచ్చింది. ముందు చక్రాలు మట్టిని కరిచాయి. జీపు గర్జించలేదు, దూకలేదు. నడిచే మనిషి కన్నా నెమ్మదిగా, ఒక్కో రాయినీ తొక్కుకుంటూ, రొదపెడుతూ ఎక్కింది. ఆడవాళ్ళు వెనక నడిచారు. వాళ్ళ వెనక అధికారి కూడా చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాడు. ఊరి మొదటి ఇంటి ముందు బండి ఆగాక రొప్పుతూ, "దారే" అన్నాడు. ఒకటే మాట.

మేనేజరుకి మర్యాద అయిపోయింది. "ఒక్కరోజు ఎక్కినంత మాత్రాన దారైపోద్దేటి?"

"రేపూ ఎక్కుతాం" అన్నాడు తమ్మయ్య. "ఎల్లుండీ ఎక్కుతాం. నువ్వు చూసి చూసి విసిగిపోయేదాకా ఎక్కుతాం. వచ్చి లెక్కెట్టుకో."

ఆ సాయంత్రం గురుశిష్యులు కొండ దిగారు. తారురోడ్డు ఎక్కగానే మాస్టారు చెయ్యి చాచి లీవరుని ముందుకి తోసేశారు. ముందు చక్రాలు పట్టు వదిలాయి. బండి తేలికైంది. కింద షాఫ్టు మాత్రం రొదపెడుతూనే ఉంది. తమ్మయ్య ఉలిక్కిపడ్డాడు. పొద్దుటి నుంచీ ఆ పట్టు కోసమే కదా బురద తిన్నది!

"అదేటి మాస్టారూ, మీరే తీసేశారు?"

జగ్గారావు మాస్టారు సీటులో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

"నిన్న ఏదో అడిగావు గదా. నేను తీసింది లీవరు" అన్నారు. "నువ్వు తీసింది ఏటి?"