తీతువు పేర్చిన రాళ్లు

అనగనగా ఒక అడవి అంచున ఒక మడుగు. ఆ ఒడ్డున చుక్కి అనే తీతువు పిట్ట ఉండేది.

ఏటా చలికాలం మంచుకొండల అవతల నుంచి బాతులు వచ్చేవి. వాటిని గమనించడమంటే చుక్కికి ప్రాణం. గుంపు హాయిగా దిగితే తెల్లరాయి, జబ్బుతో దిగితే నల్లరాయి. కొండవైపు నుంచి వస్తే ఒక వరసలో, ఏటివైపు నుంచి వస్తే ఇంకో వరసలో పెట్టేది. పెట్టి, పైన గడ్డి కప్పేసేది. ఎందుకంటే ఒకసారి అది చెప్పిన సంగతిని కొంగ తానే కనిపెట్టినట్టు పిట్టల సభలో చెప్పుకుని మెప్పు కొట్టేసింది. చుక్కికి ఒళ్లు మండదూ మరి!

ఆ ఏడు బాతులు సగమే వచ్చాయి. వచ్చినవాటిలోనూ చాలా బాతులు మెడలు వాల్చేశాయి. బాతుల పెద్దమ్మ వెళ్లి కొంగని అడిగింది.

"నేను చేపల్ని చూస్తాను గానీ మిమ్మల్ని చూస్తానా?" అంది కొంగ.

వానకోయిలని అడిగింది.

"కొండ వెనక కుంటలో కప్పలు చచ్చి తేలుతున్నాయి. బాతుల సంగతి నాకు తెలీదు" అంది అది.

చివరికి చుక్కి దగ్గరికి వచ్చింది. "నువ్వేమైనా చూశావా తల్లీ? ఇలాగైతే మా జాతి మిగలదు!"

చుక్కి గడ్డివైపు చూసింది. చెబితే పేరు మళ్లీ కొంగకే పోతుంది. ఇంతలో ఒక లేత బాతు దాని కాళ్ల దగ్గరే కూలబడింది. చుక్కి గుండె తరుక్కుపోయింది.

"పోతే పోనీ నా పేరు! అందరూ రండి, చూడండి!" అని గడ్డి లాగేసింది.

నల్లరాళ్లన్నీ కొండవైపు వరసలోనే ఉన్నాయి.

"దిగాక మీరంతా కలిసిపోతారు పెద్దమ్మా, అందుకే మీకు తెలీలేదు. కొండవైపు నుంచి వచ్చినవాళ్లకే జబ్బు. ఎందుకో మాత్రం నాకూ తెలీదు" అంది చుక్కి.

"నాకు తెలుసు! ఆ కుంట నీళ్లే!" అని ఎగిరి గంతేసింది వానకోయిల.

"అవునే! కొండ దాటే ముందు మావాళ్లు దాహానికి ఆగేది అక్కడే" అంది పెద్దమ్మ.

తిరుగు ప్రయాణంలో బాతులు దారి పొడుగునా ప్రతి మడుగులోనూ ఆ కుంటవైపు వెళ్లొద్దని కబురు చెప్పాయి. రాళ్లు పేర్చే పద్ధతీ నేర్పాయి. దేశదేశాల పిట్టలు తాము చూసింది ఒకదానికొకటి చెప్పుకోసాగాయి.

మరుసటి చలికాలం ఏటివైపు ఆకాశం నిండిపోయింది. ఎన్ని బాతులో! వాటి వెంట చుక్కి ఎన్నడూ చూడని పిట్టలు కూడా వచ్చాయి.

"రాళ్ల చుక్కి ఎక్కడ?" అని అన్నీ ఒక్కసారే అడిగాయి.

కొంగ గొంతు సవరించుకుంది. అది నోరు తెరిచేలోపే, కిందటేడు కూలబడిన ఆ లేత బాతు ముందుకు దూకింది. "ఇదిగో మా చుక్కి!" అని అరిచింది.

చుక్కి ఆనందం పట్టలేకపోయింది. తెల్లరాళ్ల కోసం ఒడ్డంతా పరుగులు పెట్టింది. ఉన్నవి చాలనే లేదు. ఆఖరికి కొంగ కూడా ముక్కున రాళ్లు కరుచుకుని తెచ్చి ఇచ్చింది.

నీతి: కష్టపడి తెలుసుకున్నది దాచుకుంటే గడ్డి కింద రాయిలా పడి ఉంటుంది. పంచుకుంటే పదిమంది ప్రాణాలు నిలబెడుతుంది.