గడీ మలుపు

ఎల్లేశానికి ఒక ప్రశ్న నిద్ర పట్టనివ్వడం లేదు.

నిజాం పాలన నాటి మాట. నేతపని చేసుకునే రాజలింగం సారు మగ్గం గుడిసెలో తలుపు వేసి చెప్పే చదువు అతను ఏడాదిగా వింటున్నాడు. ఫ్రాన్సు దేశంలో కొందరు ఆలోచనాపరులు పుస్తకాలు రాశారట. మనుషులంతా సమానమనీ, రాజుకు అధికారం దేవుడిచ్చింది కాదనీ. కొన్నేళ్లకే జనం లేచి రాజును దించేశారట.

"పుస్తకం రాస్తే రాజు ఎట్ల దిగుతడు సారూ?"

"పొద్దున సంతకు పోతున్న. నువ్వూ రా. నడుసుకుంట మాట్లాడుకుందాం."

సంతకు పోవాలంటే గడీ ముందు నుంచే దారి. గడీ అంటే దొర ఇల్లు. ఇల్లనే గానీ, గోడలు కోటవి. ఆ గోడల ముందు నేతవాడలో వాళ్లెవరూ చెప్పులతో నడవరు. పోయినేడు వీరయ్య మరిచిపోయి నడిచాడు. లోపలికి పిలిచారు. ఆ తర్వాత వీరయ్య సంతకు ఎప్పుడు వెళ్లినా బండిలో పడుకోబెట్టి తీసుకుపోవడమే.

పొద్దున దారిలో ఎల్లేశం హుషారుగా చెప్పుకుపోతున్నాడు. "పుట్టుకతోని ఎవడూ ఎక్కువ కాడు, ఎవడూ తక్కువ కాడు. బుద్ధితోని ఆలోచిస్తే ఎవలికైనా తెలుస్తది..."

గడీ మలుపు దగ్గర వంగాడు. మాట ఆగలేదు. గొంతు మాత్రం తగ్గింది. లేచేసరికి చెప్పులు చంకలో ఉన్నాయి.

సారు ఆగి ఆ చంక వైపు చూశారు. ఎల్లేశం కూడా చూసుకున్నాడు.

"నాకు తెల్వకుంటనే సారూ..."

"నేనూ గంతే. ఇన్నేండ్ల సంది మీకు పాఠం చెప్పుడు, ఈడికి రాంగనే వంగుడు."

ఈసారి సారు వంగలేదు. చెప్పులతోనే అడుగు వేశారు. చెప్పు కిర్రుమంది. అరుగు మీద కునుకుతున్న కావలివాడు తలెత్తాడు.

"ఎవడ్రా అది? కండ్లు నెత్తికెక్కినయా?"

"చెప్పులు ఇడువుండ్రి సారూ. చంపుతరు. రెండడుగులే గద."

సారు నిలబడే ఉన్నారు. గాలి లేదు, కానీ ఆయన పంచె అంచు ఊగుతోంది.

"మీకు భయమైతలేదా?" గుసగుసగా అడిగాడు ఎల్లేశం.

"అయితున్నది. పుస్తకం నా తలకాయ దాంక ఎన్నడో వచ్చింది బిడ్డా. కాళ్ల దాంక ఇయ్యాల్నే వస్తున్నది."

కావలివాడు కర్ర అందుకుని మెట్లు దిగుతున్నాడు.

ఎల్లేశం చంకలోని చెప్పులు నేల మీద పెట్టాడు. వణుకుతున్న కాలికి అవి దొరకడానికి కాస్త సేపు పట్టింది. అంతసేపూ సారు కదలకుండా ఆగారు.