పళ్ళు ఒంట్లో భాగమా?

వెనకటికి ఒకానొక రాజ్యంలో కాలు విరిగితే ధర్మవైద్యశాలలో కట్టు కట్టేవారు, జ్వరమొస్తే కషాయం పోసేవారు. పన్ను పుచ్చితే మాత్రం ఎవరి ఖర్మ వారిది.

ఉప్పుమడుల్లో పనిచేసే పోలమ్మకు దవడ వాచి, పది రోజులుగా గంజి కూడా దిగలేదు. వైద్యశాల వాళ్ళు గుమ్మంలోనే ఆపేశారు. ఆమె తిన్నగా కొలువుకే వచ్చి రణధీరవర్మ మహారాజుకు మొరపెట్టుకుంది.

మంత్రి దండపాణి మీసం దువ్వాడు. "ప్రభూ, పళ్ళు ఒంట్లో భాగం కావు. పుట్టేటప్పుడు లేవు, పోయేటప్పుడు ఉండవు. అవి ముఖానికి ఆభరణాలు. జనం ఆభరణాలకు మనమా మెరుగు పెట్టేది? ఇదే మాట శాసనం చేద్దాం."

ఆపై గొంతు తగ్గించి, "పంటినొప్పి ఉన్నవాడు నోరు తెరవడు. నోరు తెరవనివాడితో మనకేం భయం?" అన్నాడు.

రాజు "భేష్!" అన్నాడు.

పక్కనే ఉన్న ఆస్థానకవి మాచన ఆ గుసగుస విన్నాడు. పాతికేళ్ళవాడు, రక్తం ఉడికిపోయింది. అయినా చేతులు జోడించి, "అలాగే కానివ్వండి. ఆచారం మాత్రం తప్పకూడదు" అన్నాడు.

ఆ రాజ్యంలో శాసనం తెచ్చినవాడు ఒంటిమీద ఆభరణమన్నది లేకుండా ప్రమాణం చేయాలి. ఒక్క ఉంగరం మిగిలినా శాసనం చెల్లదు.

దండపాణి హారాలు, పోగులు తీసి పళ్ళెంలో పెట్టాడు. బిగుసుకున్న కడియాన్ని ఆస్థాన కంసాలి పటకారుతో ఊడదీశాడు.

"పటకారు దాచకు కంసాలీ, ఇంకా ముప్పై రెండున్నాయి" అన్నాడు మాచన.

"ఎక్కడయ్యా? కళ్ళు గాని పోయాయా?" అన్నాడు మంత్రి.

"తమరు నోరు తెరిస్తే చూపిస్తాను."

కంసాలి అమాయకంగా ముందుకొచ్చాడు. మంత్రి రెండు చేతులా నోరు మూసుకుని, వేళ్ళ సందునుంచి అరిచాడు: "దగ్గరికి రాకు! ఇవి ఆభరణాలేమిట్రా, నా ఒళ్ళు! నా ఒంట్లో ముక్కలు!"

"తమరి నోట్లో ఉంటే ఒళ్ళూ, పోలమ్మ నోట్లో ఉంటే నగలూనా? వైద్యం భిక్ష కాదు మహామంత్రీ, హక్కు!"

సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే "అబ్బా!" అని చెంప పట్టుకున్నాడు.

"నాకూ ఒకటి సలుపుతోందయ్యా. సరే, ఓడిపోయాం. ఇవాళ్టినుంచి పళ్ళూ ఒంట్లో భాగమే. నీకేం కావాలో కోరుకో."

"వైద్యశాలలో వరుస, ప్రభూ. ముందు పోలమ్మ, వెనక తమరు."

ఆ మధ్యాహ్నం మహారాజు చెంప పట్టుకుని వరుసలో నిలబడ్డాడు. పుచ్చుపన్ను పీకించుకుని బయటికొచ్చిన పోలమ్మ రక్తం ఉమ్మేసి, "భయపడకు దొరా, చిటికెలో అయిపోతుంది" అంది.