కొమ్ములకు ఎండ తగిలాక

అనగనగా, చెట్లు కూడా ఎక్కలేక సగం దారిలోనే ఆగిపోయిన ఓ ఎత్తైన మంచుకొండ. ఆ కొండ మీద చుక్కి అనే మేక ఉండేది. నుదుట తెల్లమచ్చ ఉంది కాబట్టి చుక్కి అయింది. దానికి ఒక బుజ్జి పిల్ల.

ఆ మేకల మందకు ఒక కట్టుబాటు ఉంది. "కొమ్ములకు ఎండ తగిలాకే మంచు మీద కాలు పెట్టాలి" అని చుక్కి అత్తగారు చెప్పేది. ఆవిడకు ఆవిడ అత్తగారు చెప్పింది. చలికాలంలో అది బంగారం లాంటి మాట. ఎండ రాకముందు బయలుదేరితే చిన్నపిల్లలు కొయ్యబారిపోతారు మరి!

చలికాలం పోయింది. ఎండలు ముదిరాయి. ఇవతల గడ్డి పరక లేదు. చుక్కి పొదుగు ఎండిపోయింది. పిల్ల దాన్ని కుమ్మి కుమ్మి ఏడుస్తోంది. అవతలి గట్టున లేతగడ్డి పచ్చగా ఊరిస్తోంది. మధ్యలో ఉన్నదల్లా ఏటవాలు మంచే.

మధ్యాహ్నం ఎండ కొమ్ములను చుర్రుమనిపించింది. చుక్కి, దాని వదిన గౌరి, పిల్ల ముగ్గురూ మంచు అంచుకు వచ్చారు.

బండ మీంచి కౌజుపిట్ట అరిచింది. "ఆగండే! పైన మంచు కదులుతోంది. కాలు పెట్టారో, కొండే మీ మీద పడుతుంది!"

పక్కనే కునుకు తీస్తున్న నక్క నవ్వింది. "దాని మాట వినకండి. నేను అటునుంచే వచ్చాను. నాకేమైంది? అవిగో నా అడుగులు."

దుంపలు తవ్వుతున్న ఎలుగుబంటి తలెత్తింది. "నేనూ వచ్చాను. ఇంత బరువును మోసింది. మంచు బండలా ఉంది."

చుక్కికి బుర్ర తిరిగిపోయింది. తలా ఓ మాట చెబితే ఎవరిని నమ్మాలి? కౌజు అబద్ధమాడే పిట్ట కాదు. ఎలుగుకు అబద్ధమాడేంత తెలివి లేదు. నక్క సంగతి సరేగానీ, దాని అడుగులు కళ్ళెదుటే ఉన్నాయి. అయినా చలికాలమంతా దండం పెట్టిన సూర్యుడే ఇప్పుడు కీడు చేస్తాడా? పిల్లేమో ఆకలికి కాళ్ళు తేలేస్తోంది. పోతే ఒక భయం, ఆగితే ఒక భయం.

ఏమీ తేల్చుకోలేక చుక్కి నక్క అడుగు పక్కనే తన ముందుకాలు పెట్టింది. మోకాలి దాకా దిగబడింది. నక్క అడుగు చూస్తే గోళ్ళ గీతలే ఉన్నాయి. ఎలుగు అడుగు కూడా లోతు లేదు.

"నక్క బావా, నువ్వు ఎప్పుడు దాటావు?" అని అడిగింది చుక్కి.

"ఇంకెప్పుడు? తెల్లారకముందే."

"ఎలుగు మామా, నువ్వో?"

"నేనూ అప్పుడే. చలికి మంచు గట్టిగా ఉన్నప్పుడు."

"నేను చెప్పేది ఇప్పటి సంగతి!" అని కౌజు గొంతు చించుకుంది.

చుక్కి గబుక్కున కాలు వెనక్కి లాక్కుంది. "వదినా, ఇవాళ వద్దు. తెల్లారకముందే పోదాం."

గౌరికి ఒళ్ళు మండింది. "నీ అత్తగారు చెప్పిన మాట కాదంటావా? నా కొమ్ములకు ఎండ తగిలింది. నీ పిల్లను పస్తు పెట్టుకో, నేను పోతున్నా!"

పిల్ల గౌరి అత్త వెంట ఉరికింది. చుక్కి దాని చెవి పళ్ళతో పట్టి ఆపింది. పిల్ల కెవ్వుమంది.

గౌరి పట్టుమని పది అడుగులు వేయలేదు. పైన ఏదో 'ఫట్' మంది. పైపొర మంచంతా ఒక్కసారిగా జారి, గౌరిని లాక్కుని లోయలోకి పోయింది.

ఎలుగు పరుగున దిగి తవ్వింది. అదృష్టం బాగుండి గౌరి అంచునే దొరికింది. ప్రాణం మిగిలింది. కొమ్ముల్లో ఒకటి మిగల్లేదు.

ఆ రాత్రి పిల్ల ఏడుస్తూనే పడుకుంది. చుక్కి దాన్ని నాకుతూ మేలుకునే ఉంది. తెల్లారకముందే పిల్లను పొట్టకు ఆనించుకుని, కుంటుతున్న గౌరిని ముందు నడిపిస్తూ బయలుదేరింది. మంచు గట్టిగా, కాలి కింద టకటకమంది. పొద్దు పొడిచేసరికి ముగ్గురూ గడ్డిలో ఉన్నారు.

"అమ్మా, సూర్యుడు మంచివాడా, చెడ్డవాడా?" అంది పిల్ల, నోటినిండా గడ్డితో.

"ఏమోనే తల్లీ, నాకింకా అయోమయంగానే ఉంది" అంది చుక్కి.

గౌరి మిగిలిన ఒంటికొమ్మును తడుముకోలేక తల విదిలించింది. "కొమ్ముకు ఎండ తగిలింది చుక్కీ. ఇప్పుడేం చేద్దాం?"

"ఇప్పుడు మేద్దాం వదినా."

నీతి: దారి మంచిదేనా అని అడిగితే చాలదు, ఏ వేళకు మంచిదో కూడా అడగాలి. నిన్న కాపాడిన మాటే వేళ మారితే ముంచుతుంది.