దివాన్‌గారి గుడ్ మార్నింగ్

దివాన్ శరభయ్యగారికి కొత్తగా ఇంగ్లీషు మోజు పట్టుకుంది. పొద్దున ఎదురైతే గుడ్ మార్నింగ్, మధ్యాహ్నమైతే గుడ్ ఆఫ్టర్‌నూన్ అనాలి. తప్పు పలికితే అర్జీ చింపేస్తారు.

చెరువులో మట్టి తవ్వుకోనివ్వమని కుమ్మరి నూకాలు అర్జీ పెట్టుకుంది. "రేపు పొద్దున్నే వచ్చి వింటాను" అన్నారాయన. తెల్లారేసరికే ఆమె కచేరీ ముందు నిలబడింది. ఆయన భోంచేసి, కునుకు తీసి, ఏ మూడింటికో వచ్చారు.

"గుడ్ మార్నింగ్ బాబూ!" అంది నూకాలు.

"ఇప్పుడు మార్నింగేమిటే?" అంటూ ఆయన అర్జీ చింపబోయారు.

"పొద్దున్నే వస్తానన్నది తమరే కదా బాబూ. తమరు మాట తప్పే మనిషి కాదు. మరి తమరొచ్చారంటే ఇది పొద్దున్నే అవ్వాలి. కాదంటారా, చింపెయ్యండి."

కచేరీలో అందరూ దివాన్‌గారి మొహంలోకే చూశారు. పడమటెండ కళ్లల్లో పడుతుంటే ఆయన "గుడ్ మార్నింగ్" అని గొణిగి సంతకం పెట్టారు.