నిప్పుగంట

నల్లమల అంచున ఉన్న ఆశ్రమ వైద్యశాలలో సుధన్వకు చెయ్యి తిరిగిన డాక్టరని పేరు. ఆ పేరును అందరికంటే ముందు అతనే నమ్మాడు. అలాంటివాడు గురవమ్మ మంచం పక్కన తెల్లమొహం వేశాడు.

వైరస్ జ్వరం ముదిరి ఆమె చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది. కాలివేళ్లేమో సన్నని నాళాల్లో నెత్తురు గడ్డకట్టి నల్లబడుతున్నాయి.

"ఇద్దరు బిడ్డలుండారు సామీ," అన్నాడు ఆమె భర్త.

సుధన్వ నెత్తురు గడ్డకట్టించే మందు సిరంజిలోకి ఎక్కించాడు. ఇస్తే వేళ్లలో గడ్డలు ఇంకా పెరుగుతాయని ఆగిపోయాడు. సిరంజితోనే గురువు పూర్ణబోధస్వామి దగ్గరికి పరుగెత్తాడు. సన్యాసానికి ముందు ఆయన రక్తవ్యాధుల వైద్యుడు.

"ఒకే నెత్తురు. లోపల గడ్డకడుతోంది, బయట ఆగనంటోంది. ఏం చెయ్యమంటారు స్వామీ?"

స్వామి లేచి వెళ్లి నిప్పుగంట తాడు లాగాడు.

ఆశ్రమంలో అన్నీ గడ్డి కప్పుల కుటీరాలే. గంట మోగితే నిప్పెక్కడని అడగకూడదు. ఎవరి కడవ వాళ్లు తమ కప్పు మీద కుమ్మరించాలి. అది అక్కడి కట్టుబాటు. చూస్తుండగానే వాకిళ్లన్నీ బురదయ్యాయి.

"గురవమ్మ పెదాలు ఎండిపోయుంటాయి. కాసిని నీళ్లు పట్టుకెళ్లు," అన్నాడు స్వామి, గంట కొడుతూనే.

సుధన్వ కుటీరం కుటీరానికీ తిరిగాడు. పాదాలు బురదలో దిగబడుతున్నాయి, ఏ కడవలోనూ చుక్క లేదు. బావి నుంచి నింపుకొచ్చినవాళ్లు కూడా గంట విని మళ్లీ కప్పు మీదే పోస్తున్నారు. అతను చెయ్యి చాపితే ఒకావిడ, "నా కొంప అంటుకుంటే నువ్వొచ్చి ఆర్పుతావా నాయనా?" అని కసిరి కడవ బోర్లించింది.

అతనికి ఏడుపొక్కటే తక్కువ. బురదలో నిలబడి చేతిలోని సిరంజి వంక చూసుకున్నాడు. ఇక్కడి నీళ్లన్నీ కప్పుల పాలైనట్టే, ఆమె నెత్తురులో గడ్డకట్టే సత్తువంతా జ్వరం మోగించే గంటకి సన్నని నాళాల్లోనే ఖర్చైపోతోంది, చిగుళ్ల దాకా మిగలడం లేదు.

వెనక్కి పరుగెత్తుకొచ్చి గంట తాడు పట్టుకున్నాడు.

"ముందు ఇది ఆగాలి స్వామీ!"

స్వామి తాడు వదిలేశాడు.

సుధన్వ సిరంజి పక్కన పడేసి జ్వరం మీద పడ్డాడు. సెలైను, ఆక్సిజన్, మందులు. కంటి మీద కునుకు లేదు. మూడోనాటికి చిగుళ్ల నుంచి నెత్తురు ఆగింది, వేళ్ల నలుపు పాకడం మానింది. గురవమ్మ కళ్లు తెరిచి, "దప్పికైతాంది" అంది. ఆమె భర్త భోరుమన్నాడు, సంతోషంతోనే.

సుధన్వ కడవ కోసం చుట్టూ చూశాడు. గుమ్మంలో స్వామి నిండుకడవ దించుతున్నాడు.

"ఇప్పుడు తాగించు," అన్నాడు.