మంచులో సేనాపతి

సముద్రం దగ్గరపడే కొద్దీ గోదావరి నెమ్మదిస్తుంది. అలా నెమ్మదించిన చోట ఒక పాయకి అటూ ఇటూ రెండు లంకలున్నాయి. వరదలకి విసిగి మనుషులు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోతే అవి జంతువులకే మిగిలాయి. మార్గశిరం వచ్చిందంటే ఆ పాయ మీద మంచు దిగుతుంది. పొద్దెక్కేదాకా నీళ్లేవో ఆకాశమేదో తెలియదు. ఎగిరే కొంగ ఈదుతున్నట్టుంటుంది, ఈదే బాతు ఎగురుతున్నట్టుంటుంది.

తూర్పు లంకలో నీలవేణి అనే గేదె ఉండేది. మాట తక్కువ, నడక నిదానం. శ్రావణంలో వచ్చిన వరదకి ఆమె కూతురు సీతాలు కొట్టుకుపోయి పడమటి లంకలో ఒడ్డెక్కింది. అక్కడివాళ్లు బాగా చూసుకోవడంతో అక్కడే ఉండిపోయింది. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే నీలవేణి పాయ అంచున నిలబడి ఒక్క అరుపు అరిచేది. దూది మూటలోంచి వచ్చినట్టు, మంచులోంచి సీతాలు బదులు పలికేది. ఆ ఒక్క పిలుపు చెవిన పడితే తల్లికి ఆ రోజుకి చాలు.

అదే ఒడ్డున పాత నావ ఒకటి బోర్లాపడి ఉండేది. దాని మీద సర్వేశం అనే నక్క కూర్చునేవాడు. పడమటి లంక వ్యవహారాల్లో అతన్ని మించిన నిపుణుడు లేడని పేరు. అవతల కాకి వాలినా, ఎందుకు వాలిందో, ఎవరు వాలమన్నారో, దానివల్ల మన లంకకి ఏం ముంచుకొస్తుందో విడమరిచి చెప్పేవాడు. వినడానికి వచ్చినవాళ్లు ఒకరు పీత, ఒకరు చేపపిల్ల తెచ్చి పక్కన పెట్టేవారు. అవతల ఏమీ జరగని రోజుల్లో మాత్రం నావ దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు.

ఒకరోజు పొద్దున అవతలి ఒడ్డున దభీదభీమని చప్పుళ్లు మొదలయ్యాయి. మంచులో పెద్దపెద్ద నీడలు ఏవేవో ఈడుస్తూ తిరుగుతున్నాయి. లంకంతా నావ చుట్టూ చేరింది.

"ఏమిటండీ సర్వేశంగారూ, ఆ చప్పుళ్లు?" అని అడిగింది తాయారు. ఆమె కుందేలు. నాలుగు పసిపిల్లలతో ఒడ్డున రెల్లు దుబ్బుల కింద కాపురం ఉంటోంది.

సర్వేశం కళ్లు మూసుకుని ఆలకించాడు. "దీన్ని మూడు కోణాల్లోంచి చూడాలి. మొదటిది, దుంగలు. దుంగలెందుకు? వంతెనకి. వంతెనెందుకు? మన మీదకి రావడానికి. రెండోది, సమయం. సరిగ్గా మంచు దిగే రోజులే ఎందుకు ఎంచుకున్నారు?"

"మరి మూడోది?"

"మూడోది ఇప్పుడే బయటికి చెప్పేది కాదు."

మొదటి రెండింటికన్నా ఆ చెప్పని మూడోదానికే అందరికీ ఎక్కువ భయం వేసింది.

"మా సీతాలు అక్కడే ఉందిగా, అడిగితే పోలా?" అంది నీలవేణి.

"అక్కడికే వస్తున్నా వదినా. నిన్నటి అరుపుకీ ఇవాళ్టి అరుపుకీ ఏమైనా తేడా ఉందా?"

"ఇవాళ కాస్త గట్టిగా అరిచింది."

"విన్నారా?" అని సర్వేశం అందరివైపూ చూశాడు. "వాళ్లు స్వరం పెంచారు. ఆ పిల్ల ఇప్పుడు మన పిల్ల కాదు వదినా. నువ్వు బదులు పలికితే మన ఒడ్డున ఎవరు ఎక్కడున్నారో వాళ్లకి తెలిసిపోతుంది."

లంకకి పెద్ద వీరభద్రం అనే ఆబోతు. మంచివాడే కానీ, తనకి తెలియని మాటలు ఎవరైనా గడగడా చెబితే వాళ్లకి చాలా తెలుసని నమ్మేస్తాడు. "అయితే ఏం చేద్దామంటావు?" అని అడిగాడు.

"ఇటునుంచి ఎవరూ గొంతెత్తకూడదు. ఒడ్డున ఉన్న రెల్లంతా పీకెయ్యాలి. లేకపోతే వాళ్లు వచ్చి అందులోనే దాక్కుంటారు."

"మా ఇల్లు ఆ దుబ్బుల కిందేనండీ," అంది తాయారు.

"లంక కోసం ఆపాటి సర్దుకోలేవా అమ్మా?" అన్నాడు సర్వేశం, ఎంతో మెత్తగా.

మూడు రోజులు అందరూ రెల్లు పీకారు. నీలవేణి కూడా పీకింది. వేళ్లు జడల్లా సాగి, గుప్పెళ్లకొద్దీ ఇసక పట్టుకుని బయటికి వచ్చేవి. తెల్లని రెల్లు పూలు నీళ్ల మీద పడి మంచులోకి తేలిపోయేవి. రోజూ పొద్దున అవతల్నుంచి సీతాలు పిలిచేది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. నీలవేణి నోరు గట్టిగా బిగించి నేలకేసి చూస్తూ నిలబడేది. ఆ పిలుపు మంచులో దారి తప్పి తన చుట్టూ తిరుగుతున్నట్టు అనిపించేది. మూడో రోజుకి ఆమెకి మేత కూడా సయించలేదు.

నాలుగో రోజు తెల్లవారుతుండగా ఒడ్డు మెల్లగా, నిద్రలో పక్కకి ఒత్తిగిల్లినట్టు, నీళ్లలోకి ఒరిగింది. తాయారు బొరియ సగానికి చీలిపోయింది. పిల్లల్లో ఒకటి జారి పాయలో పడింది.

నీలవేణి ఆలోచించకుండా నీళ్లలోకి దిగింది. పిల్ల తడిసిన ఆకులా కొట్టుకుపోతోంది. ఆమె తల అడ్డం పెడితే కొమ్ము పట్టుకుని వేలాడింది. నీళ్లలోంచే తల చాచి దాన్ని తాయారు ముందు దించింది.

"ఇదీ వాళ్ల పనేనా?" అన్నాడు వీరభద్రం.

"సందేహమే లేదు. నీటి అడుగునుంచి తవ్వుతున్నారు," అన్నాడు సర్వేశం.

నీలవేణి ఇంకా నీళ్లలోనే ఉంది. ఎప్పుడూ తన మోకాలు కూడా తడవని చోట ఇప్పుడు కాళ్లకి నేల అందడం లేదు. నీరు పొట్ట కింద నుంచి బలంగా లాగుతోంది. ఎవరో తవ్వుతున్నట్టు లేదు. నదే దారి మార్చుకుంటున్నట్టుంది. ఆమె ఒక్కసారి వెనక్కి చూసి, ఎవరికీ చెప్పకుండా, మంచులోకి ఈదుకుంటూ వెళ్లిపోయింది.

నడిపాయలో ఏ ఒడ్డూ కనిపించలేదు. ముందు తెలుపు, వెనక తెలుపు. తను ఈదుతోందో, ఉన్నచోటే కలగంటోందో తెలియలేదు. అప్పుడు సీతాలు పిలుపు వినిపించింది. నాలుగు రోజుల తర్వాత నీలవేణి నోరు తెరిచి బదులు పలికింది. ఆ గొంతునే పట్టుకుని ఒడ్డు చేరింది.

సీతాలు వచ్చి తల్లి మెడకి మెడ ఆనించింది. "గొంతు పోయేలా అరిచానమ్మా. ఎందుకు పలకలేదు?"

"పలకొద్దన్నారు."

అక్కడ అడవిపందులు, దుప్పులు ఒడ్డు పొడుగునా దుంగలు పేర్చి, ముళ్లకంప తొక్కి, మట్టి మెత్తుతున్నాయి. "పాయ మళ్లిందమ్మా. మా ఒడ్డు ఎంతో కోసుకుపోయింది. ఇదిగో, ఇలా అడ్డం వేస్తే ఆగింది. ఇక అది మీ వైపు తిరుగుతుంది. మీరూ కట్టుకోండి, రెల్లు మాత్రం ముట్టుకోవద్దు, ఇసకని పట్టి ఉంచేది అదే. నువ్వు పలికితే ఆ గొంతు పట్టుకుని వచ్చి ఇదంతా చెబుదామనే అన్నిసార్లు పిలిచాను," అంది సీతాలు.

"రెల్లు పీకేశాం," అంది నీలవేణి.

"ఎందుకూ?"

"మీ గురించి బాగా తెలిసినవాడు పీకమన్నాడు."

"మాకు తెలియకుండా ఎవరమ్మా? ఎప్పుడైనా ఇక్కడికి వచ్చాడా?"

నీలవేణికి ఆ ప్రశ్న ఇంతవరకూ తట్టనే లేదు. "రాలేదు," అంది. "నేను వెళ్లి ఉన్నమాట చెబితే కూతురి పక్షం మాట్లాడుతున్నానంటాడు. నువ్వు కూడా రా. నేను చెప్పేదాకా నోరు విప్పకు," అంది.

తల్లీకూతుళ్లు పాయ దాటి తూర్పు ఒడ్డుకి కాస్త దూరంలో, నేల అందే చోట ఆగారు. ఒకరి వెనక ఒకరు ఒదిగి నిలబడ్డారు. కొమ్ములకి నీటి మీద తేలే గుర్రపుడెక్క చుట్టుకుని వేలాడుతోంది. మంచులో ఆ ఆకారం కొండంత ఉంది. ఒడ్డున కలకలం మొదలైంది.

"ఎవరది సర్వేశం?" వీరభద్రం గొంతు.

క్షణం ఆలస్యం కాలేదు. "నేను ముందే చెప్పానే, ఆ మూడోది ఇదే. అతను పడమటి లంక సేనాపతి రణమల్లుడు. కిందటేడు నాతో పూటంతా మాట్లాడాడు."

"రెండు తలలున్నట్టున్నాయే?"

"ఒకటి ఆలోచనకి, ఒకటి ఆచరణకి."

"ఎందుకొచ్చినట్టు?"

"కదలకుండా నిలబడ్డాడు చూడండి. లొంగిపొమ్మని అర్థం. వెనక వేలమంది ఉంటారు."

"అతనితో నీకు అంత పరిచయం ఉందిగా," అన్నాడు వీరభద్రం. "ఓ మాట మాట్లాడు."

సర్వేశం నావ మీద నుంచి దిగలేక దిగాడు. నీటి అంచుకి వచ్చి, గొంతు సవరించుకుని, "సేనాపతిగారూ, నన్ను గుర్తుపట్టారా?" అన్నాడు.

"ఎందుకు పట్టను?" అంది మంచులోంచి ఒక నిదానమైన గొంతు. "కిందటేడు మనం ఎక్కడ కలిశాం సర్వేశం?"

"మీ కోటలోనే కదండీ. మీరు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు కూడా."

"సరే. ఇప్పుడు మీవాళ్లందరికీ వినపడేలా నా పేరు ఇంకోసారి చెప్పు."

"రణమల్లుడుగారు," అన్నాడు సర్వేశం గట్టిగా.

అప్పుడు నీలవేణి నాలుగడుగులు ముందుకి వేసి ఒడ్డెక్కింది. ఆమె పక్కనే సీతాలు. కొమ్ముల మీంచి గుర్రపుడెక్క జారి ఇసకలో పడింది.

ఎవరూ నవ్వలేదు.

"అక్కా, నువ్వేనా?" అంది తాయారు.

"నేనే. ఇదిగో, నా రెండో తల." నీలవేణి కూతురివైపు చూసింది. "అమ్మా సీతాలూ, ఇప్పుడు చెప్పు."

సీతాలు చెప్పింది. దుంగలు ఎందుకో చెప్పింది, అరుపులు ఎందుకో చెప్పింది. వింటున్నకొద్దీ వీరభద్రం తల కిందికి వంగిపోయింది. అతని కాళ్ల దగ్గర, తన కొమ్ములతో తనే పెళ్లగించిన రెల్లు వేళ్లు ఎండిపోయి పడున్నాయి.

ఆ మధ్యాహ్నమే పడమటి లంకవాళ్లు దుంగలు తోసుకుంటూ పాయ దాటి వచ్చారు. తొమ్మిది రోజులు రెండు లంకలూ కలిసి కట్ట వేశాయి. అప్పటికే పోయింది పోయింది. తాయారు బొరియా, ఇంకో మూడు కుటుంబాల ఇళ్లూ, పాత నావ ఉన్న జాగా, అన్నీ నీళ్ల పాలయ్యాయి. తాయారు తన పిల్లల్ని నీలవేణి పక్కన, ఎండుగడ్డిలో పడుకోబెట్టుకుంది. మిగిలిన వేళ్లని ఏరి మళ్లీ నాటారు. అవి ఎదగడానికి రెండేళ్లు పడుతుందని ముసలి దుప్పి చెప్పింది.

వీరభద్రం సర్వేశాన్ని వెళ్లగొట్టలేదు. ఒక దుంగ కొస అతని భుజానికి ఎత్తాడు. రెండో కొస పట్టింది పడమటి లంక నుంచి వచ్చిన ఒక ముసలి పంది. ఇద్దరూ మంచులో కొంతదూరం నడిచారు.

"మా లంక గురించి నీకు బాగా తెలుసటగా," అంది పంది, వెటకారం ఏమీ లేకుండా. "మా పెద్దాయన పేరేమిటో చెప్పు చూద్దాం."

సర్వేశం నోరు తెరిచాడు. ఏ పేరూ రాలేదు. తల వంచుకుని దుంగ మోశాడు.

అవతలి ఒడ్డు గురించి తెలుసుకోవాలంటే, ఇవతల నావెక్కి చెప్పేవాణ్ణి కాదు, అవతల ఉన్నవాళ్లనే అడగాలి.